వసంతంలో వారం రోజులు: తెరలు లేని విశ్రాంతి

ఏటా ఫాల్గుణ, చైత్ర మాసాలు వచ్చేసరికి నా వైద్యశాలకు ఒకే రకమైన బాధలతో వచ్చేవారి సంఖ్య పెరుగుతుంది. తల బరువు, ముక్కు దిబ్బడ, ఆకలి మందగించడం, పగలంతా మగత, రాత్రి మాత్రం నిద్ర పట్టకపోవడం వారి బాధలు. నలభై ఏళ్ళ క్రితం కూడా ఈ ఋతువులో ఇటువంటి రోగులు వచ్చేవారు. అయితే ఇప్పుడు వాటితోపాటు కళ్ళ మంట, కనురెప్పల బరువు, మెడ పట్టేయడం అనే మూడు బాధలు అదనంగా చేరాయి. నాడి చూచిన పిదప నేను వారిని ఒక ప్రశ్న అడుగుతాను: "నిన్న రాత్రి కళ్ళు మూసుకోబోయే ముందు చివరగా చూచినదేమిటి?" చాలామంది కొంచెం సిగ్గుపడుతూ సెల్‌ఫోను అనే చెబుతారు.

ఈ వ్యాసంలో నేను చెప్పబోయేది ఒక మందు గురించి కాదు. వసంతంలో ఒక వారం రోజులపాటు టీవీ, కంప్యూటర్, సెల్‌ఫోను తెరలకు దూరంగా ఒక చిన్న పట్టణంలో గడపడమనే చికిత్స గురించి. దీనిని నేను మొదట రోగులకు చెప్పి, తరువాత మా ఇంట్లోనే ఆచరించవలసివచ్చింది. అందులో నేను చేసిన పొరపాట్లను కూడా దాచకుండా చెబుతాను.

వసంతంలోనే ఎందుకు?

చలికాలంలో శరీరంలో కఫం సంచితమవుతుంది. పేరుకున్న నెయ్యి ఎండతాకిడికి కరిగినట్లు, వసంతంలో సూర్యుని వేడికి ఆ కఫం కరిగి శరీరమంతటా వ్యాపించి, జఠరాగ్నిని చల్లారుస్తుంది. జలుబు, దగ్గు, అరుచి, మందకొడితనం అందువల్లనే కలుగుతాయి. ఈ ఋతువులో ఏం చేయాలో వాగ్భటాచార్యులవారు అష్టాంగహృదయంలోని ఋతుచర్యాధ్యాయంలో విపులంగా చెప్పారు. తేలికైన ఆహారం, వ్యాయామం, పొడులతో ఒళ్ళు రుద్దుకోవడం, శొంఠి నీరు, తుంగముస్తల నీరు మొదలైనవి అందులో ఉన్నాయి. పగటినిద్రను వారు స్పష్టంగా నిషేధించారు.

అదే అధ్యాయంలో ఇంకొక విధి ఉన్నది. వసంతకాలపు మధ్యాహ్నాలను చల్లని గాలి, నీటి సమీపం, చెట్ల నీడ, కోకిల కూత ఉండే తోటలలో, ఇష్టులైన మిత్రులతో మాట్లాడుకుంటూ గడపమని ఆచార్యులు చెప్పారు. గురుకులంలో ఈ భాగాన్ని కంఠస్థం చేసే రోజుల్లో ఇదేదో రాజులకు చెప్పిన విలాసమనుకున్నాను. మా గురువుగారు నవ్వి, "అది విలాసం కాదురా, ఔషధం. పగలు నిద్రపోకుండా ఉండాలంటే మనసును ఆహ్లాదంగా మేల్కొలిపి ఉంచేది ఒకటి కావాలి గదా" అన్నారు. దాని విలువ నాకు అరవయ్యో పడిలో గానీ బోధపడలేదు.

కంటికి వచ్చిన కష్టం

వ్యాధులకు మూలమైన మూడు కారణాలలో ఒకటిగా చరక సంహిత ఇంద్రియాలకు, వాటి విషయాలకు కలిగే తప్పుడు సంయోగాన్ని చెప్పింది. అది అతియోగం, అయోగం, మిథ్యాయోగం అని మూడు విధాలు. మితిమీరి చూడడం అతియోగం. అసలు చూడకపోవడం అయోగం. మరీ దగ్గరగా ఉన్నవాటిని, మరీ సూక్ష్మమైనవాటిని, భయాన్ని, జుగుప్సను కలిగించేవాటిని చూడడం మిథ్యాయోగం. అరచేతిలోని ఫోనులో సన్నని అక్షరాలను, ఒకదాని వెంట ఒకటిగా ఘోరమైన వార్తలను గంటల తరబడి చూచేవానికి అతియోగ మిథ్యాయోగాలు రెండూ కలుగుతున్నాయి. దూరంగా ఉన్న కొండను, ఆకాశాన్ని చూడనందువల్ల అయోగమూ తోడవుతున్నది.

ఆధునిక వైద్యులు చెప్పేది కూడా దీనికి విరుద్ధం కాదు. తెరను చూచేటప్పుడు మనం రెప్పలు ఆర్చడం బాగా తగ్గిపోతుంది. అందువల్ల కంటిపై తడిపొర ఆరిపోయి మంట, గరగర పుడతాయి. దగ్గరి వస్తువుపై చూపు నిలిపే కండరాలు విడుపులేక అలసిపోతాయి. రాత్రివేళ తెర నుండి వచ్చే నీలికాంతి నిద్రను రప్పించే మెలటోనిన్ అనే స్రావాన్ని తగ్గిస్తుంది. పిల్లలు రోజుకు సుమారు రెండు గంటలు ఆరుబయట పగటి వెలుగులో గడిపితే హ్రస్వదృష్టి వచ్చే అవకాశం తగ్గుతుందని కూడా వారు గుర్తించారు. నేత్రం తేజోమయమైనదనీ, దానికి కఫం వల్లనే విశేషించి భయమనీ మన శాస్త్రం చెబుతుంది. కఫం విజృంభించే వసంతంలో కళ్ళను అలసట పెట్టడం అందువల్ల రెండింతల హాని.

మా ఇంటి సంగతి

నా మనవడికి పన్నెండేళ్ళు. 2025 జనవరిలో వాడికి తలనొప్పి మొదలైంది. కంటి వైద్యులు పరీక్షించి అద్దాలు ఇచ్చి, దగ్గరి చూపు పని తగ్గించమన్నారు. మిగిలిన బాధ్యత నేను తీసుకుని త్రిఫలా ఘృతం ఇచ్చాను, రాత్రి అరికాళ్ళకు నూనె రాయించాను. పది రోజులు నెమ్మదించినట్లే ఉండి బాధ మళ్ళీ మొదటికి వచ్చేది. మందు మార్చాను. మోతాదు మార్చాను. రెండు నెలలు ఇలాగే గడిచాయి.

ఒకనాటి రాత్రి పదకొండు గంటలకు వాడి గదిలో వెలుగు కనిపించి లోపలికి వెళ్ళాను. దుప్పటిలో ఫోను చూస్తున్నాడు. మందలించాను. వాడు కాసేపు ఊరకుండి, "తాతయ్యా, మీ దిండు కింద కూడా ఫోను ఉంటుంది కదా?" అన్నాడు.

నేను జవాబు చెప్పలేకపోయాను. రోగుల సందేశాలకు జవాబులిచ్చే నెపంతో నేను అర్ధరాత్రి దాకా ఫోను చూస్తున్న మాట నిజం. వాడి తండ్రి, అంటే మా అబ్బాయి, కంప్యూటర్ ఉద్యోగి. భోజనం వేళ కూడా అతని కళ్ళు తెరమీదనే. రోగ కారణాన్ని వదిలించడమే చికిత్సకు మొదటి మెట్టు అని నలభై ఏళ్ళుగా శిష్యులకు బోధించిన నేను, నా ఇంట్లో కారణాన్ని అలాగే ఉంచి నెయ్యి తాగించాను. వాడికి మందు పనిచేయకపోవడంలో వింతేమీ లేదు.

మర్నాడు ఉదయమే ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి ఒక నిర్ణయం చేశాను. పరీక్షలు ముగిసిన తరువాత, ఉగాది కలిసివచ్చేలా, ఒక వారం అందరమూ ఊరు వెళ్ళాలి. తెర ఒక్కటీ మా వెంట రాకూడదు.

ఊరిని ఎంచుకోవడం

మన శాస్త్రంలో భూమి మూడు విధాలు. నీరు, చెట్లు, తేమ అధికంగా ఉండేది ఆనూపం, అది కఫాన్ని పెంచుతుంది. నీరు తక్కువగా, గాలి ధారాళంగా, నేల పొడిగా ఉండేది జాంగలం. రెంటికీ మధ్యస్థమైనది సాధారణం. వసంతంలో కఫబాధ ఉన్నవారికి సముద్రతీరం కంటే పొడిగాలి వీచే ఎత్తైన ప్రదేశం మేలు. అందుచేత రాయలసీమలోని మదనపల్లెను ఎంచుకున్నాను. గురుకులంలో నా సహాధ్యాయి ఒకాయన అక్కడ ఊరి అంచున ఉంటున్నారు. వారి పాత ఇంటిని మాకు విడిదిగా ఇచ్చారు.

మదనపల్లె సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉన్నది. బాహుదా నది ఒడ్డున, కొండల నడుమ ఉన్న ఈ పట్టణపు పొడిగాలికి వైద్యచరిత్రలోనే చోటున్నది. క్షయకు సరైన మందులు లేని కాలంలో, మంచి గాలి, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారమే చికిత్సగా ఉండేవి. 1912లో ఏర్పడిన క్షయ చికిత్సాలయం ఈ పట్టణం చెంతనే ఆరోగ్యవరం అనే చక్కని పేరుతో వెలసింది. క్షయ నివారణకు వేసే బి.సి.జి. టీకా మనదేశంలో 1948లో మొదలైనది కూడా మదనపల్లెలోనే. రవీంద్రనాథ్ ఠాగూర్ 1919లో దక్షిణదేశ పర్యటనలో ఇక్కడి దివ్యజ్ఞాన కళాశాలలో కొన్ని రోజులు బస చేసి, ఆ ఫిబ్రవరి చివరి దినాలలో జనగణమన గీతాన్ని ఆంగ్లంలోకి అనువదించారు.

ఈనాటి మదనపల్లె మునుపటంత నిశ్శబ్దమైనది కాదు. టమాటా మార్కెట్టు వైపు లారీల రొద ఎక్కువే. కానీ ఊరి అంచుకు వస్తే చింతచెట్లు, కానుగచెట్లు, ఆరుబయట కనిపించే కొండలు. విశ్రాంతికి ఊరు సుందరంగా ఉండనవసరం లేదు. నడవడానికి దారి, కూర్చోవడానికి నీడ, దూరంగా చూడడానికి దృశ్యం ఉంటే చాలు.

మొదటి రెండు రోజులు

మార్చి 24, సోమవారం నాడు చేరుకున్నాము. స్మార్ట్ ఫోనులన్నీ మా ఊళ్ళోనే బీరువాలో పెట్టి తాళం వేశాము. వైద్యశాలను శిష్యునికి అప్పగించాను. అత్యవసరానికి బొత్తాల ఫోను ఒకటి మా ఇంటావిడ పెట్టెలో ఉన్నది.

సంతోషంగా ఉంటుందనుకున్న మొదటి రెండు రోజులూ కష్టంగా గడిచాయి. మనవడు ముభావంగా కూర్చున్నాడు. మా అబ్బాయి నిమిషానికొకసారి ఖాళీ జేబు తడుముకున్నాడు. రెండవనాటి సాయంత్రం చిన్న మాటకే తండ్రీకొడుకులు గట్టిగా వాదించుకున్నారు. నాకు కూడా ఎవరో రోగి పిలుస్తున్నట్లు చెవిలో గంట మోగిన భ్రమ కలిగేది.

ఇక్కడ నేను చేసిన రెండవ పొరపాటు చెప్పాలి. చిరకాలంగా అలవడిన అపథ్యాన్ని ఒక్కసారిగా మానకూడదు, పాదం పాదంగా, అంటే నాలుగవ వంతు చొప్పున తగ్గిస్తూ రావాలి అన్నది శాస్త్రనియమం. మద్యం మానేవారికి, పొగాకు మానేవారికి నేను చెప్పే ఈ నియమాన్ని తెరల విషయంలో మరచాను. మీరు ఈ తప్పు చేయకండి. ప్రయాణానికి పదిరోజుల ముందునుంచే రోజూ తెరచూచే కాలంలో నాలుగవ వంతు తగ్గించండి. మూడు రోజుల తరువాత సగం చేయండి. మరి మూడు రోజులకు ముప్పాతిక వంతు మానండి. అప్పుడు ఊరు చేరిన మొదటి రోజే విశ్రాంతి దొరుకుతుంది.

మూడవ రోజున మార్పు దానంతటదే వచ్చింది. మా విడిది పక్కింటి వాకిట్లో ఆడవాళ్ళు చింతకాయలు కొట్టి గింజలు తీస్తున్నారు. మనవడు వెళ్ళి గుప్పెడు చింతపిక్కలు తెచ్చుకున్నాడు. వాటితో మా ఇంటావిడ వాడికి వామనగుంటలు నేర్పింది. ఆ ఆట సాయంత్రం దాకా సాగింది. వాళ్ళ నాన్న కూడా వచ్చి కూర్చుని రెండుసార్లు ఓడిపోయాడు.

మేము పాటించిన దినచర్య

తెల్లవారుజామున లేవడం. ఆ రోజుల్లో సూర్యోదయం ఆరుంబావు ప్రాంతంలో అవుతుంది. ముఖప్రక్షాళనం చేసి, తూర్పు తెల్లవారుతుండగా అరగంట నుండి ముప్పావుగంట నడక. ఒకనాడు బాసినికొండ దిశగా, మరొకనాడు పొలాల గట్లపైన. వ్యాయామం అర్ధశక్తికి మించకూడదు. నుదుట చెమట పట్టగానే, నోరు ఎండినట్లనిపించగానే ఆపాలి.

నడక తరువాత సున్నిపిండితో ఒళ్ళు రుద్దుకోవడం. పెసరపిండి, శనగపిండి సమభాగాలుగా కలిపి, అందులో కొంచెం పసుపు, కచ్చూరాల పొడి వేసుకుంటే చాలు. కింది నుండి పైకి రుద్దుకోవాలి. దీనిని ఉద్వర్తనం అంటారు, ఇది కఫాన్ని, కొవ్వును కరిగిస్తుంది. పిదప గోరువెచ్చని నీటి స్నానం.

మధ్యాహ్నం భోజనానంతరం నిద్రపోకుండా చింతచెట్టు కింద మంచం వేసుకుని కబుర్లు. వాగ్భటుని విధిని ఇక్కడ అక్షరాలా పాటించాము. నా సహాధ్యాయి రోజూ వచ్చి కూర్చునేవారు. గురుకులంలో దొంగచాటుగా తిన్న చ్యవనప్రాశం కథ మనవడు మూడుసార్లు అడిగి చెప్పించుకున్నాడు.

సాయంత్రం మళ్ళీ కొంతసేపు నడక. ఏడున్నర లోపల రాత్రి భోజనం. తరువాత మేడపైన చాపలు వేసుకుని ఆకాశం చూడడం. అమావాస్యకు ముందు రోజులు గనుక సాయంకాలాలు చీకటిగా ఉండి నక్షత్రాలు స్పష్టంగా కనిపించాయి. పడమట మృగశిర, రోహిణి చెంత గురుగ్రహం, పునర్వసు జంట దగ్గర ఎర్రగా అంగారకుడు, ఈశాన్యాన సప్తర్షి మండలం. పంచాంగంలో చదివిన పేర్లను మనవడు మొదటిసారి కంటితో చూశాడు. కంటికి ఇంతకంటె దూరపు చూపు మరేమున్నది? తొమ్మిది గంటలకు నిద్ర.

గురువారం నాడు ముప్ఫై కిలోమీటర్ల దూరంలోపే ఉన్న హార్సిలీ హిల్స్‌కు వెళ్ళివచ్చాము. దాదాపు 1,265 మీటర్ల ఎత్తైన ఈ కొండకు స్థానికుల పేరు ఏనుగు మల్లమ్మ కొండ. కడప కలెక్టరుగా పనిచేసిన హార్సిలీ దొర పంతొమ్మిదవ శతాబ్దిలో ఇక్కడ వేసవి విడిది కట్టుకున్నందున ఆయన పేరు స్థిరపడింది. పైన గాలిబండ అనే రాతిపై నిలబడితే గాలి మనిషిని నెట్టుతుంది. మనవడు అద్దాలు చేత్తో పట్టుకుని, కింద లోయలోని ఊళ్ళను లెక్కపెడుతూ గంటసేపు కదలలేదు.

ఏమి తిన్నాము?

కారం, చేదు, వగరు రుచులు వసంతంలో హితం. పులుపు, తీపి, బరువైన, చల్లని, జిడ్డైన పదార్థాలు తగ్గించాలి. రాయలసీమ భోజనం ఇందుకు చక్కగా సరిపోతుంది. ఉదయం రాగి సంగటి, మధ్యాహ్నం పాత బియ్యపు అన్నం, పెసరకట్టు, ఉలవల చారు. ఉలవలు కఫహరం, కానీ వేడి చేసే స్వభావం గలవి గనుక పిత్తతత్వం వారు మితంగా తీసుకోవాలి. పెరుగుకు బదులు పలుచని మజ్జిగలో శొంఠి, వాము, సైంధవలవణం వేసుకున్నాము. ఐస్‌క్రీములు, శీతలపానీయాలు ఆ వారం ముట్టలేదు.

తాగడానికి శొంఠి నీరు. ఒక లీటరు నీటిలో చిన్న చెంచాడు నలగగొట్టిన శొంఠి వేసి ముప్పావు లీటరు అయ్యేవరకు కాచి, వడకట్టి రోజంతా కొద్దికొద్దిగా తాగాలి. కడుపులో మంట, పుండు ఉన్నవారు శొంఠి మాని, అదే విధంగా తుంగముస్తలతో కాచిన నీరు తాగవచ్చు. తేనె కలుపుకోదలచినవారు నీరు పూర్తిగా చల్లారిన తరువాతే కలుపుకోవాలి. మధుమేహం ఉన్నవారు తేనె వాడరాదు, ఏడాది లోపు పసిపిల్లలకు తేనె అసలే ఇవ్వరాదు.

మార్చి 30, ఆదివారం విశ్వావసు నామ సంవత్సర ఉగాది. ఆనాడు పచ్చడికి వేపపువ్వును మనవడే చెట్టు కింద గుడ్డ పరచి రాల్చి తెచ్చాడు. ఏడాది ఆరంభంలో చేదును ముందుగా రుచి చూడమనడంలో ఎంతో వైద్యమున్నది. వసంతపు కఫానికి వేప చేదు ప్రధానౌషధం.

ఏమి మారింది? ఏమి మారలేదు?

ఉన్నమాట చెప్పాలి. మనవడి కళ్ళద్దాలు పోలేదు, అద్దాల నంబరూ తగ్గలేదు. ఒకసారి వచ్చిన హ్రస్వదృష్టి వారం విశ్రాంతితో పోతుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు. కానీ నాలుగవ రాత్రి నుండి వాడు పడుకున్న కొద్దిసేపటికే నిద్రపోయాడు. ఆ వారంలో ఆఖరి నాలుగు రోజులూ తలనొప్పి మాట ఎత్తలేదు. ఆకలి పెరిగి సంగటి రెండవసారి అడిగాడు. నాకు కూడా తెల్లవారుజామున కళ్ళు బరువు లేకుండా తెరుచుకున్నాయి. అన్నిటికంటె ముఖ్యంగా, నా కుమారుడు తన కొడుకుతో వాదన లేకుండా గంటల తరబడి మాట్లాడడం ఆ ఏడాదిలో నేను మొదటిసారి చూశాను.

ఇంటికి వచ్చాక మూడు నియమాలు పెట్టుకున్నాము. భోజనాల గదిలో తెర ఉండదు. రాత్రి ఎనిమిదిన్నరకు ఇంటిల్లిపాది ఫోనులు, నాదానితో సహా, హాల్లోని ఒక చెక్కపెట్టెలోకి వెళతాయి. తెర ముందు పనిచేసేవారు ప్రతి ఇరవై నిమిషాలకు ఒకసారి ఇరవై అడుగులకు పైబడిన దూరంలోని వస్తువును ఇరవై సెకన్లు చూసి, రెప్పలు పలుమార్లు ఆర్చాలి. మొదటి రెండు నియమాలలో నెలకొకసారైనా ఎవరో ఒకరం తప్పుతుంటాము. తప్పినవారిని మనవడే పట్టుకుంటాడు. ఎక్కువసార్లు పట్టుబడినది నేనే.

కొన్ని జాగ్రత్తలు

తెలుగునాట వైశాఖంలోనే ఎండలు గ్రీష్మాన్ని తలపిస్తాయి. కనుక ఫాల్గుణ బహుళం నుండి చైత్ర పూర్ణిమ లోపల ఈ ప్రయాణం పెట్టుకోవడం మంచిది. కీళ్ళనొప్పులు, మలబద్ధకం ఉన్న వాతతత్వం వారు, వృద్ధులు పొడి ప్రదేశంలో ఉన్నప్పుడు ఉద్వర్తనం మాని నువ్వులనూనెతో అభ్యంగనం చేసుకోవాలి. జలుబు, దగ్గు ఉన్న రోజుల్లో నూనె అభ్యంగనం వద్దు. నస్యం, వమనం వంటి శోధన కర్మలు వైద్యుని పర్యవేక్షణలోనే చేయించుకోవాలి. తేనె, ఆకుపసర్లు కంట్లో వేసుకోరాదు. చూపు హఠాత్తుగా మసకబారడం, కళ్ళ ముందు మెరుపులు, కంటిలో తీవ్రమైన నొప్పి, ఎరుపు కనిపిస్తే విశ్రాంతి కోసం ఎదురుచూడక వెంటనే నేత్రవైద్యుని చూడాలి. రక్తపోటుకు, మధుమేహానికి వాడే మందులను ప్రయాణంలో మానరాదు.

వారం రోజులు వీలుకానివారు మూడు రోజులైనా వెళ్ళండి. మదనపల్లెకే రానవసరం లేదు. మీ తాతగారి ఊరు, అత్తవారి ఊరు, చెట్లు ఉండి నడవడానికి వీలైన ఏ చిన్న ఊరైనా సరే. అయితే బయలుదేరే ముందు పెద్దవారు తమ ఫోనును బీరువాలో పెట్టి తాళం వేయాలి. ఆ పని పిల్లవాడు చూస్తుండగా చేయండి.